నూట ఎనభై రెండు గీతలు

దినములను దయచేయువాడవు నీవు, ప్రభువా; వాటిని లెక్కించి దాచుకొనవచ్చునను భ్రమ మాది. ఆ భ్రమను మన్నించి, ఈ చిన్న కథను నడిపింపుము.

*

పంపు గది తలుపుకు లోపలివైపు, పెన్సిలు గీతలు.

అయిదేసి చొప్పున కట్టలు కట్టిన గీతలు. ఏడాదికొక వరుస. ఏ వరుసలోనూ నూట ఎనభై రెండుకు మించి లేవు.

వాటిపైన వెలిసిపోయిన అంకెలు తాత రాసినవి. వసంతంలో మొగ్గను కాల్చే మంచు ఏ రాత్రి ఎంత పడిందో ఆయన అక్కడే రాసుకునేవాడు. మసాచుసెట్స్ రాష్ట్రం కార్వర్ ఊళ్లో క్రాన్‌బెర్రీ పండ్ల మడులున్న ఫిన్నిష్ కుటుంబాలన్నిటికీ పంపు గదే పంచాంగం.

తాత చలిని లెక్కపెట్టాడు. నాన్న వైనో పెల్టోలా, తాను ఊళ్లో ఉన్న రోజులను లెక్కపెట్టాడు.

వైనో కూతురు అయిలీ తలుపు తెరిచి పట్టుకుంది. లాయరు డోరిస్ ఫుర్టాడో ఫోనుతో ఆ గీతలకు ఫోటోలు తీస్తోంది. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు.

ఎనిమిదేళ్ల కిందట, చర్చి కింది గదిలో కాఫీ తాగుతూ ఎవరో అన్నారు: మసాచుసెట్స్ వాడిగా చస్తే పన్ను ఆస్తిని కొరుక్కు తింటుంది, ఫ్లోరిడా వాడిగా చస్తే ముట్టుకోదు అని.

ఆ చలికాలమే వైనో ఫ్లోరిడాలో రెండు గదుల ఇల్లు కొన్నాడు. ఓటు అక్కడికి మార్చుకున్నాడు. మడులు ముక్కలు కాకూడదన్నదే ఆయన పట్టు. లాయరును అడగమంటే, సొంత బావి నీళ్లకు వెల ఇవ్వడమెందుకన్నాడు.

ఒక ఏడాదిలో ఇక్కడ నూట ఎనభై మూడో రోజు గడిపితే మళ్లీ ఇక్కడివాడే అయిపోతాడని ఆయన విన్న లెక్క. గంటసేపు ఉన్నా అది ఒక రోజే.

అందుకే గీతలు.

అమ్మ హెల్మీ మంచం పట్టిన ఏడాది, ఆయన నవంబరు పన్నెండున చివరి గీత గీశాడు. జనవరిలో వచ్చేస్తానని ఆమె నుదుట ముద్దుపెట్టి వెళ్లాడు.

డిసెంబరులో అమ్మకు మాట పడిపోయింది.

వైనో విమానమెక్కి వచ్చాడు. పక్క రాష్ట్రం రోడ్ ఐలండ్‌లో దిగాడు. రాష్ట్ర సరిహద్దుకు అవతలి గట్టున ఒక సత్రంలో గది తీసుకున్నాడు. అక్కడినుంచి భార్య మంచం దగ్గరికి కారులో గంట దారి.

పదకొండు రోజులు ఆ గదిలోనే ఉన్నాడు. అయిలీ ఫోనును అమ్మ చెవికి ఆనించి పట్టుకునేది.

ఒక్కసారి మాత్రం అడిగింది. "ఒక్క గంట వచ్చి వెళ్లు నాన్నా. ఎవరు చూస్తారు?"

"గీత గీసేది నేనే కదమ్మా," అన్నాడు వైనో. "అబద్ధం గీయలేను."

అమ్మ ఫోను వైపు చూడలేదు. గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది.

పోయింది డిసెంబరు పంతొమ్మిదిన. మట్టిచేసింది జనవరి రెండున.

నేల గడ్డకట్టిందని పాస్టరుగారు ఊరివాళ్లకు చెప్పారు. ఆ ఏడు నేల గడ్డకట్టలేదు.

తర్వాతి వరుస ఒంటరి గీతతో మొదలైంది.

ఈ మార్చిలో వైనో ఫ్లోరిడాలోనే, తాను కోరుకున్నట్టే, పరాయి రాష్ట్రం వాడిగా కన్నుమూశాడు.

డోరిస్ ఫోను జేబులో పెట్టుకుంది. చెప్పవలసినదాన్ని చెప్పక తప్పలేదు.

"మీ నాన్న ఫ్లోరిడా వెళ్లాడు. మడులు వెళ్లలేదే."

మనిషి ఎక్కడివాడైనా, ఎక్కడ పోయినా, ఇక్కడున్న నేల ఇక్కడే పన్ను కట్టాలట. ఆయన ఊపిరి ఆగిన క్షణమే రాష్ట్రం ఆ నేలమీద చేయి వేసిందట. కట్టేదాకా తీయదట.

"అదైనా వేళకు వచ్చింది," అంది అయిలీ.

డోరిస్ పడమటి మడి వైపు చూసింది.

పన్నుకు పడమటి మడి పోక తప్పదు. ఇసుక తవ్వే కంపెనీ ఇప్పటికే రెండుసార్లు వచ్చి చూసుకుపోయింది. ఆ మడిలో తీగలన్నీ అమ్మ మోకాళ్లమీద పాకుతూ గుచ్చినవి.

"మరి ఈ గీతలు దేనికి, డోరిస్?"

"ఫ్లోరిడా బ్యాంకులో దాచుకున్నది ఈ పన్నులో పడకుండా. ఆయన ఇక్కడివాడు కాదని రుజువు అడిగితే చూపించాలి."

"ఎంతుంది అక్కడ?"

"పాత ట్రాక్టరు కూడా రాదే."

గాలికి పంపు గది తలుపు కిర్రుమంది. మడుల మీద తీగలు ఇంకా చలికాలపు ఎరుపులోనే ఉన్నాయి.

డోరిస్ వేలితో ఒక వరుసను మెల్లగా లెక్కపెట్టింది. అది అమ్మ పోయిన ఏడాది వరుస.

"నూట ఎనభై రెండు. ఇంత నికార్సయిన లెక్క నేనెప్పుడూ చూడలేదు. ఒక్కటి కూడా ఎక్కువ లేదు."

అయిలీ దగ్గరికి వచ్చింది. చివరి గీత పక్కన, ఖాళీగా ఉన్న చెక్కమీద బొటనవేలు ఆనించింది.

"ఇక్కడ ఇంకొకటి పట్టేది," అంది.

*

ఈ కథ విన్నవారికి, చదివినవారికి మేలగు గాక. వారి కడపటి దినమున, చేయి పట్టుకొనవలసినవారు సరిహద్దుకు ఈవలనే ఉందురు గాక.