తలుపు మీది సంఖ్య

"తలుపు తియ్యవే. స్కూలుకి టైమైపోతోంది."

కోడలు ఇస్త్రీ ఆపలేదు. "మీరే తీసుకోండి అత్తయ్యా. నేనేమన్నా అడ్డమొచ్చానా?"

అడ్డమొచ్చింది కోడలు కాదు, తలుపు మీది సంఖ్య. 999919. నల్ల పెయింటుతో బెత్తెడేసి అంకెలు. దాన్ని రెండు సంఖ్యల లబ్ధంగా విడగొట్టాలి. చిన్నది ముందు, పెద్దది తర్వాత, పక్కనున్న మీటల మీద నొక్కాలి. అప్పుడే తాళం ఊడుతుంది. తప్పు నొక్కితే ఎర్రలైటు వెలిగి కుయ్యిమంటుంది.

అత్తగారు టీచరమ్మ. సంచీ భుజాన వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కుని, సంఖ్యని ఎగాదిగా చూసింది. ఐదు తొమ్మిదులు. వాటి మధ్య, బలిసిన చుట్టాల నడుమ బస్సు సీట్లో ఇరుక్కున్న బక్కపిల్లలా, ఒక ఒకటి. చివర బేసి కాబట్టి రెండుకి లొంగదు. ఐదు పప్పులూ ఉడకవు. అంకెలన్నీ కూడితే నలభై ఆరు, అంటే మూడూ పోదు. ఏడుతో గిల్లి చూసింది, నాలుగు మిగిలింది. పదకొండుతో పొడిచింది, పదమూడుతో పొడిచింది. ఉలకదు, పలకదు.

"ఇది ప్రధాన సంఖ్యే. చచ్చినా విడిపోదు. నన్ను ఏడిపించడానికే పెట్టారు."

"విడిపోతుంది అత్తయ్యా."

"అయితే చెప్పు."

"చెప్పకూడదు. సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్దాం."

"నాకు కాపలా ఎందుకే? నేనేమన్నా తప్పిపోయే మేకపిల్లనా?"

అక్కణ్ణించి తిట్లకి దిగింది. క్లాసులో పిల్లలు ఎదురుచూస్తుంటారనీ, హెడ్మాస్టరు గేటు దగ్గరే నిలబడి గడియారం చూస్తుంటాడనీ, కన్నకూతురైతే ఇలా గొడ్డుని కట్టేసినట్టు కట్టేసేదా అనీ దులిపేసింది. కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డున పోయేవాళ్లని కేకేసింది. కూరగాయల బండివాడు తలెత్తి చూసి, తల దించుకుని పోయాడు. వీధి వీధంతా కోడలి పక్షమే అనుకుంది.

మళ్లీ తలుపు దగ్గరికి వచ్చింది. చటుక్కున కళ్లు మెరిశాయి.

"పది లక్షల్లోంచి ఎనభై ఒకటి తీసేస్తే ఇదే కదే."

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. "అవునత్తయ్యా. ఆ తర్వాత?"

ఆ తర్వాత ఒక్క అడుగు. పది లక్షలు వెయ్యికి వర్గం, ఎనభై ఒకటి తొమ్మిదికి వర్గం. వెయ్యిలోంచి తొమ్మిది తీస్తే ఒక సంఖ్య, వెయ్యికి తొమ్మిది కలిపితే ఇంకొకటి. రెండూ చేతికొచ్చేస్తాయి. ఆ కిటుకుని ఎంతమంది మొద్దబ్బాయిల బుర్రల్లోకి ఎక్కించిందో టీచరమ్మ.

"ఎనభై ఒకటి..." అంది. వేలు మీటల మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. నాలుక చివరిదాకా వచ్చింది కాస్తా జారిపోయింది.

చొక్కా మాడిన వాసన గదంతా కమ్ముకుంది.

టీచరమ్మ తలుపుని కొత్తగా చూసినట్టు చూసింది. "చివర బేసి. రెండుకి లొంగదు," అని మొదలుపెట్టింది.

మూడు దగ్గరే ఆగిపోయింది. తలుపుకి వీపు ఆనించి నేల మీద చతికిలబడింది. "ఎవరే నా మీద ఇంత కక్ష కట్టింది?"

కోడలు పక్కన కూర్చుని ఆమె చెప్పులు విప్పింది.

ఆ సంఖ్యను ఏరికోరి ఎంచుకుని, తాళాలవాణ్ణి పిలిపించి, 'దీన్ని విడగొట్టలేని రోజున నేనెంత ఏడ్చినా, ఎన్ని తిట్లు తిట్టినా నన్ను ఒంటరిగా గడప దాటనివ్వకు' అని కోడలి చేత ఒట్టు వేయించుకున్నది, డాక్టరు జబ్బు పేరు చెప్పిన రోజున, టీచరమ్మే.