షబానా ఒంటిపూట బడి

“కప్పే శాలువాను వద్దనే మనిషిని మిమ్మల్నే చూస్తా ఉండాను,” అంది రెబెకమ్మ మూడోసారి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా ఆమె చేతిలోనే ఉంది.

వరప్రసాదం మాస్టారు భార్య చేతిలోంచి చొక్కా తీసుకుని కొక్కేనికి తగిలించాడు. కొడుక్కి పొగరెక్కిందని ఆయన తల్లి సణిగింది. పొగరు కాదు, మొహమాటమని కూతురు జెస్సికా వెనకేసుకొచ్చింది. రేపే ఉపాధ్యాయ దినోత్సవం. సన్మానానికి ఉదయగిరి నుంచి ఎం.ఇ.ఓ. గారు వస్తున్నారు.

జూలైలో ఏడో తరగతి షబానా బడి మెట్ల మీద పడింది. మెదడు బాగా అదిరిందన్నాడు నెల్లూరు డాక్టరు. ఇరవై రోజులకు తిరిగొచ్చిన పిల్ల, నాలుగు వాక్యాలు చదివితే తల పట్టుకునేది. బెల్లు మోగితే చెవులు మూసుకునేది. అదంతా నటనేనంది రామలక్ష్మమ్మ టీచరు. ఈ ఏడాదికి మానిపించమన్నాడు హెడ్మాస్టరు.

మానితే మళ్ళీ రాదని వరప్రసాదం పట్టుబట్టాడు. పిల్లను ఒంటిపూటే రమ్మన్నాడు. ఎండ పడని మూల కూర్చోబెట్టాడు. పాఠాలు తనే చదివి వినిపించాడు. రాతపని తగ్గించమని, పరీక్షలు ఆలస్యంగా పెట్టమని తోటి టీచర్లను ఒక్కొక్కరినీ బతిమాలాడు. చివరికి రామలక్ష్మమ్మే ఆ పిల్లకు నోట్సు రాసిపెట్టడం మొదలుపెట్టింది.

సాయంత్రం షబానా తల్లి హసన్‌బీ కూతురితో వచ్చింది. సారు లేకపోతే బిడ్డ చదువు ఆగిపోయేదంటూ చేతులు జోడించింది. ఆయన ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

షబానా తెల్లకాగితం అందించింది.

“రేపు మీ గురించి మాట్లాడమన్నారు సార్. ఆ రోజు సంగతి ఎంత తలుచుకున్నా గుర్తు రావడంలా. మీరు అక్కడే ఉండారు గదా, మీరే రాసియ్యండి.”

ఆయన కలం తీశాడు. ‘ఆ రోజు షబానా బడికి ఆలస్యంగా వచ్చింది’ అని రాసి ఆగిపోయాడు. పొద్దున ఇస్తానని చెప్పి వాళ్ళను పంపేశాడు.

అందరూ అన్నాలకు కూర్చున్నాక, కంచం పక్కకు జరిపి మెల్లగా అన్నాడు.

“రేపు పోతాను. శాలువా కప్పించుకోను. మైకు మాత్రం అడుగుతాను.”

“ఏం చెప్పేదానికి?” అంది రెబెకమ్మ.

“ఆ పిల్ల జారి పడలా, నేను నెట్టినాను.”