ప్లగ్గు పీకిన మాస్టారు

హౌరా పక్కనున్న సంత్రాగాఛి స్టేషన్లో దిగేసరికి జాబేజ్ భుజాన గిటారు, చేతిలో చిన్న యాంప్లిఫయరు ఉన్నాయి. మోస్తానని వచ్చిన కూలీని వద్దన్నాడు. ఈ బరువు తనే మోయాలి.

కుర్రతనంలో ఇక్కడి తెలుగు చర్చిలోనే పరువు పోయింది. క్రిస్మస్ ఆరాధనలో మొదటిసారి గిటారు వాయిస్తున్నాడు. చర్చి సంగీతం మాస్టారు జ్ఞానానందం నేర్పిన పాటే. కానీ దానికి తన సొంత బాణీ అల్లుకున్నాడు. జనం తలలూపుతున్నారు. రెండో చరణంలో మాస్టారు లేచొచ్చి, యాంప్లిఫయరు ప్లగ్గు పీకేశారు.

"నేను నేర్పిందేటి, నువ్వు వాయిస్తన్నదేటి? దిగు!"

నిండు సంఘం ముందు. కన్నతల్లి కూడా తల దించుకుంది.

ఆ వారమే జాబేజ్ హౌరా బ్రిడ్జి దాటి కలకత్తా వెళ్లిపోయాడు. మళ్ళీ ఈ వైపు రాలేదు.

పెళ్లి బ్యాండ్లలో వాయించాడు. దుర్గాపూజ పందిళ్లలో వాయించాడు. పార్క్ స్ట్రీట్ హోటళ్లలో జాజ్, పల్లెల్లో బావుల్ బైరాగుల పాటలకి తోడు, సబ్బుల ప్రకటనలకి ట్యూన్లు, బెంగాలీ సీరియళ్లకి నేపథ్య సంగీతం. ఏది అడిగితే అది నేర్చుకున్నాడు. రికార్డింగు, మిక్సింగు కూడా పట్టుబట్టి నేర్చుకుని, టాలీగంజ్‌లో సొంత స్టూడియో పెట్టాడు. వేళ్ళు నొప్పెట్టి ఆపేద్దామనుకున్నప్పుడల్లా ఆ ప్లగ్గు గుర్తొచ్చేది.

పేరొచ్చాక ఇంటర్వ్యూల్లో కసి తీర్చుకున్నాడు. "జ్ఞానానందం మాస్టారికి నేనంటే అసూయ" అని పేరు పెట్టి మరీ చెప్పేవాడు. అందరూ నవ్వేవారు. అయినా మంట చల్లారలేదు. ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి తన పాట బాగుందని ఒప్పించాలనే ఇవాళ వచ్చాడు.

రిటైరైన మాస్టారు రైల్వే యార్డు వెనక చిన్న అద్దె ఇంట్లో ఉంటున్నారు. భార్య దెబోరా తలుపు తీసింది.

"జాబేజూ!" మంచం మీంచి మాస్టారు నవ్వారు.

జాబేజ్ నవ్వలేదు. వైరు తగిలించి, అదే పాట, అదే బాణీలో అందుకున్నాడు. జన్మలో అంత బాగా వాయించలేదు. పక్కింటి బెంగాలీ ఆడవాళ్ళు వంట వదిలేసి కిటికీ దగ్గరికొచ్చారు. మాస్టారు అతని చేతులే చూస్తూ కూర్చున్నారు.

పాట అయింది.

"అప్పుడూ ఇంతేరా. నీ సేతి ఏళ్ళు తప్పు సోట పడతన్నాయి" అన్నారు మాస్టారు, జాలిగా.

జాబేజ్‌కి ఒళ్ళు మండిపోయింది.

"కలకత్తా అంతా మెచ్చుకుంది. నువ్వొక్కడివే ఓర్వలేకపోతున్నావు! చచ్చేదాకా ఇలాగే కుళ్ళు!"

ఇన్నేళ్లు దాచుకున్నదంతా కక్కేశాడు. మాస్టారు కళ్ళద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయారు. ఒక్క తిట్టుకీ తలెత్తలేదు.

గెలిచానన్న తృప్తితో జాబేజ్ బయటికొచ్చాడు. దెబోరా గుమ్మం దాకా వెంట వచ్చింది.

"ఆయనకి నా మీద ఎందుకమ్మా అంత అసూయ?"

"అసూయేటి నాయినా, నువ్వా పాట కట్టీసరికే ఆయనకి రెండు సెవులూ పోనాయి, ఎవులికీ సెప్పుకోనేదు, అప్పుడూ ఇప్పుడూ నీ ఏళ్ళు సూశారే గానీ నీ పాట ఇన్నేదు."