నాలుగో ప్లేటు

"ఒక కారం దోశ కూడా తీసుకురాప్పా" అని ఓబుళేశు సర్వరుకు కేకేశాడు. మాట ముద్దగా వచ్చింది.

కౌంటర్లో ఉన్న కృపారాణి తలెత్తి చూసింది. కడపలో ఆమె హోటలు పెట్టి తొమ్మిదేళ్లయింది. మధ్యాహ్నం మూడింటికే తాగి వచ్చేవాళ్లు ఆమెకు కొత్త కాదు. అతని బల్ల మీద అప్పటికే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, పానీపూరీ ప్లేట్లున్నాయి. ఎదురుగా కూర్చున్న భార్య ముందు మాత్రం మంచినీళ్ల గ్లాసే.

దోశ కృపారాణే తీసుకెళ్లింది.

"నువ్వేమీ తినవా అమ్మా?"

"నాకొద్దులేక్కా" అంది మధులత.

ఓబుళేశు ఇదేమీ వినడం లేదు. కళ్లు మూసుకుని ఉగ్గాని నములుతున్నాడు. "మాయమ్మ దీంట్లోకి పుట్నాల పొడి శానా ఏస్తాండె" అన్నాడు భార్యతో. తర్వాత దోశ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఎర్రకారం తగలగానే కళ్ల వెంట నీళ్లు కారాయి. అయినా ఇంకో ముక్క తుంచాడు.

"మంట పుడతాంటే ఎందుకు తింటాండావు? చాల్లే" అంటూ మధులత నీళ్లు అందించింది.

"మండనీ" అని విసురుగా గ్లాసు నెట్టేశాడు. నీళ్లు ఒలికి ఆమె చీర తడిసింది. ఆమె కొంగుతో తుడుచుకుంది.

అలాంటి మొగుడితోనే పన్నెండేళ్లు కాపురం చేసిన కృపారాణి ఇక ఊరుకోలేకపోయింది.

"ఏమప్పా, పెండ్లాం ఉత్త కడుపుతో కూచోనుంటే నాలుగు ప్లేట్లు ఎట్ల దిగతాండాయి నీకు? తాగొచ్చి నా హోటల్లో ఈ యవ్వారాలొద్దు. లేసి పో!"

పక్క బల్లల వాళ్లు తిరిగి చూశారు. ఓబుళేశు ఏదో చెప్పబోయాడు. మాట తిరగలేదు. తల దించుకుని చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు.

మధులత లేచి కృపారాణి చెయ్యి పట్టుకుంది.

"ఆయప్పకు తాగే అలవాటే లేదక్కా. అన్నీ రుచి చూడల్లని అడిగినాడు. నేనే వేంపల్లె నుంచి పిల్చుకొచ్చినా. ఇంగొక్క పది నిమిషాలు కూచోనీ."

"రుచి చూసేకి ఇంత ఆత్రమా? హోటలు యాడికీ పోదు. రేపు మళ్లీ రమ్మను."

మధులత గొంతు తగ్గించింది.

"రేపు ఆపరేషన్లో ఆయప్ప నాలిక తీసేస్తారక్కా."