బండి దగ్గింది

సూర్యాపేటలో బండ్లు చెడిపోవడం మానేసి పదేళ్లయింది. ఈ నెల కూడా ఒక్క ఫిర్యాదు రాకపోతే సర్వీస్ సెంటర్ మూసేస్తామని కంపెనీ చెప్పేసరికి పాలుపోసే ఐలయ్యకు కాలూచెయ్యీ ఆడలేదు. బండి కడిగి, అల్లం చాయ్ ఇచ్చి, ఇంటిల్లిపాది బాగోగులు అడిగే మెకానిక్ వజ్రమ్మ ఇంకెక్కడ దొరుకుతుంది?

"లోపలేదో సప్పుడొస్తుంది చెల్లె," అన్నాడు సెంటర్ ముందు బండి దిగి, తల దించుకుని.

వజ్రమ్మకు నవ్వొచ్చింది. "నువ్వు చెప్తే కంపెనీవోళ్లు రాసుకోరు అన్నా. బండే చెప్పాలె."

ఐలయ్య నీరుగారిపోయాడు. ఆ బండికి అబద్ధం రాదు. మొన్న కల్లు దుకాణం దగ్గర ఆగిన సంగతి కూడా ఇంట్లో చెప్పేసింది.

"ఏమైందే నీకు?" వజ్రమ్మ సీటు నిమురుతూ అడిగింది.

బండి కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత సన్నగా దగ్గి, "నీళ్లు పోసి రుద్దితే తగ్గుతదేమో," అంది.