సవతి బిళ్ళ

"రేపు ప్రభువు బల్లకు వస్తాండావు. మెడలో అది ఉండకూడదు," అన్నాడు చర్చి ఉపదేశి యిర్మీయా తన పెళ్లాం సంతోషమ్మతో.

అది సవతి బిళ్ళ. చనిపోయిన మొదటి భార్య వచ్చి పట్టకుండా రెండో భార్య మెడలో కట్టుకునేది. జర్మనీ యుద్ధం మొదలైన ఏడు, పెళ్లికి ముందు, సంతోషమ్మ తల్లి దాన్ని ఆదోని కంసాలితో వెండిలో చేయించింది. రోజూ పొద్దున దానికి పసుపు కుంకుమ పెట్టందే సంతోషమ్మ మంచినీళ్లయినా ముట్టదు.

"తీసేస్తే ఆయమ్మ ఊరుకుంటాదా?"

"ఆమె ప్రభువులో నిద్రపోతాండాది. తీర్పునాడు కడబూర మోగేదాకా లేసేది లేదు."

"మోగినాక లేస్తాది గదా. ఆ పొద్దు నీ పక్కన ఎవురు నిలబడేది? ఆయమ్మా, నేనా?"

యిర్మీయా ఆమె మెడలోంచి బిళ్ళ విప్పాడు. దాన్ని తీసుకుని ఎమ్మిగనూరు వైపు పోయాడు. తుంగభద్రలో పడేసి వచ్చినానన్నాడు.

ఆనాటి నుంచి, పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు వెనక ఎవరో నిలబడినట్టే ఉండేది. సంతోషమ్మ తిరిగి చూసేది కాదు. ఉపదేశికి లేని భయం తనకెందుకు?

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి ఆయన విప్పిన కోటు ఉతుకుదామని తీసింది. లోపలి జేబులో చిన్న గుడ్డమూట తగిలింది. విప్పి చూస్తే, బిళ్ళ. దాని మీద ఆ పొద్దున పెట్టిన కుంకుమ, ఇంకా తడి ఆరని పసుపు.

మూట మళ్లీ కట్టి జేబులోనే పెట్టేసింది. కోటు ఉతకలేదు.

ఆ పూట సంగటికి మూడు కంచాలు పెట్టింది.

మూడోది ఎవరికని యిర్మీయా అడగలేదు. కొంచెం పక్కకు జరిగి కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు.