దివాకర్ గారి తుపాకీ

"ఇది పార్ట్స్ గన్, అంకుల్. రెండు మూడు గన్స్ కలిపి ఒకటి చేశారు," అన్నాడు వేలం కంపెనీలో వెలకట్టే నీల్, తుపాకీని మెత్తటి గుడ్డ మీద పడుకోబెడుతూ.

అంజయ్య గంభీరంగా తల పంకించాడు. ఆ మాట ముందు తను అననందుకు లోలోపల కాస్త నొచ్చుకున్నాడు కూడా. ఆయనేమన్నా సామాన్యుడా? ఆర్మ్‌డ్ రిజర్వులో ముప్పై ఏళ్ళు హెడ్ కానిస్టేబులు. ఒక్క తూటాకి ఆరు కొంగలు పడితే ఏడోది తోడు లేక దానంతటదే దిగొచ్చి సంచిలో కూర్చుందని అమెరికాలో తానుండే చాండ్లర్ ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ చెప్పినవాడు. వినేవాళ్ళని బట్టి ఆ కొంగలు పెరిగేవే కానీ ఎన్నడూ తగ్గలేదు.

అందుకే పక్కింటి గిరిజ, ఇంట్లో ఉన్న పాత తుపాకీకి వెల కట్టించాలి అనగానే ఆయన చెప్పులు వేసుకుని కారెక్కేశాడు. దివాకర్ పోయి ఏడాదైనా కాలేదు. మొగుడి తుపాకీ పట్టుకుని ఆడమనిషి ఒక్కతే వేలం కంపెనీకి వెళితే ఎవడో ఒకడు టోపీ పెట్టకుండా ఉంటాడా?

నెలాఖరుకి గిరిజ ఇల్లు ఖాళీ చేసి బాతెల్ అనే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. చిన్నపిల్లలున్న ఇంట్లోకి తుపాకీ వద్దంది కూతురు. డబ్బు ఎంతొచ్చినా సరే కానీ దాన్ని ముక్కలు చేసేవాళ్ళకి మాత్రం ఇవ్వనని దారి పొడుగునా గిరిజ చెబుతూనే ఉంది. తీరా ఇప్పుడు నీల్ చెప్పింది సరిగ్గా అదే. పార్ట్స్ గన్ అని రాస్తే దేనికది విప్పి అమ్ముతారు, అయిదొందల డాలర్లు వస్తే గొప్ప. మొదటి యుద్ధంలో కందకాల్లో వాడిన అసలైన ట్రెంచ్ గన్ అయితే విప్పకుండా వేలానికి పెడతారు, పాట నాలుగు వేల దగ్గర మొదలవుతుంది.

ఇది అసలుది కాదనడానికి నీల్ కారణాలు నీల్‌కున్నాయి. ముందున్న చెక్కపిడి వెనక్కి లాగి తోస్తే తూటా ఎక్కే పంపు తుపాకీలు వేటగాళ్ళ దగ్గర లక్షలున్నాయట. అలాంటిదొకటి తీసుకుని, చెయ్యి కాలకుండా బారెల్ మీద వేసే చిల్లుల రేకు కొత్తది కొని బిగిస్తే మిలిటరీది అయిపోతుందట. ఈ రేకు మీది నల్లరంగు చూస్తేనే తెలిసిపోతోంది అన్నాడు. ముప్పై దాటని కుర్రాడు, ఇక్కడే పుట్టాడు, తెలుగు కాస్త నలిగినా పని తెలిసినవాడు.

"రేకు కింద గాడులు చూశావా బాబూ?" అంది గిరిజ.

"నీకెందుకమ్మా అవన్నీ," అన్నాడు అంజయ్య. "అబ్బాయి చూస్తున్నాడుగా. నేనూ ఉన్నాను."

నీల్ నవ్వి ఫారం మీద పెన్ను పెట్టాడు.

గిరిజ చెయ్యి చాచి ఆ ఫారం మీద అరచెయ్యి ఆనించింది. "మావారు చెప్పేవారు. రేకు విప్పకుండా ఈ తుపాకీ సంగతి తేల్చేవాణ్ణి నమ్మొద్దని."

నీల్ పెన్ను ఆగింది. "అంకుల్ అలా చెప్పారా?"

"చెప్పేవారు."

విప్పితే మరమేకుల తలలు చెడి ఉన్న విలువా పోతుందని నీల్ నసిగాడు. మరమేకుకి అతికినట్టు సరిపోయే మూతి ఉన్న స్క్రూడ్రైవర్ దొరికితే చెడదని మావారు చెప్పేవారంది గిరిజ. స్క్రూడ్రైవర్ల పెట్టె ముందుకు జరిపి మూడోది తీయమంది. తీశాడు. అతికినట్టు సరిపోయింది. పోయినాయన జ్ఞాపకశక్తికి అంజయ్య మనసులోనే దండం పెట్టుకున్నాడు.

రేకు ఊడి వచ్చింది. బారెల్ అడుగున మరమేకులు ఇమడడానికి కోసిన గాడులు కనిపించాయి.

"ఆకురాయితో ఎవడైనా రాయొచ్చు," అన్నాడు అంజయ్య, పట్టు వదలకుండా.

"రాస్తే లోపల తెల్లగా మెరుస్తుంది అన్నయ్యగారూ. గాడి లోపల, బయట ఫ్యాక్టరీలో పట్టించిన నీలం పూత ఒకేలా ఉందో లేదో చూడమనేవారు మావారు."

నీల్ భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. ఒకే నీలం.

అప్పుడు గిరిజ దీపాన్ని పక్కనుంచి పట్టమంది. అరిగిపోయిన ఉక్కు మీద ఏటవాలుగా వెలుగు పడేసరికి, అమెరికా సైన్యం తన ఆయుధాల మీద కొట్టే ముద్ర, మంట లేస్తున్న చిన్న బాంబు, నీడలా తేలింది. దాని అంచులు నున్నగా ఉన్నాయి. నిన్నో మొన్నో కొట్టిన ముద్రయితే అంచులు వేలికి గరుకుగా తగలాలి. మరి నల్లరంగో అన్నాడు నీల్, చివరి ఆశగా. యుద్ధం అయ్యాక ఇది జైలు కాపలాకి వెళ్ళిందనీ, పిడి మీద చెక్కి ఉన్న అంకె ఆ జైలు వాళ్ళదేననీ, తుప్పు పట్టకుండా రంగు పూసింది కూడా వాళ్ళేననీ మావారు చెప్పేవారట.

నీల్ ఫారం చింపి బుట్టలో పడేసి, కొత్తది తీసి పెద్ద అక్షరాలతో ట్రెంచ్ గన్ అని రాశాడు. "విప్పకుండా పెడతాం, ఆంటీ. ప్రామిస్. సారీ కూడా."

ఓడినా ఒప్పుకునే అలవాటు అంజయ్యకి లేదు. తనకూ మొదటినుంచీ ఆ అనుమానం ఉందనీ, కుర్రాణ్ణి పరీక్షిద్దామనే ఊరుకున్నాననీ చెప్పి మీసం సవరించుకున్నాడు. కానీ తలుపు దాకా వెళ్ళాక ఆగిపోయాడు.

"పదేళ్ళు పక్కపక్కన ఉన్నాం. నా కొంగల కథ విని నవ్వేవాడే కానీ తన సంగతి ఒక్క మాట చెప్పలేదమ్మా దివాకర్. ఒక్కసారి ఆయన ఈ తుపాకీ పేలుస్తుంటే చూడాల్సింది."

గిరిజ కారు తాళాలు తీస్తూ ఆయన వైపు తిరిగింది.

"మావారికి టపాకాయ చప్పుడన్నా భయమే, అన్నయ్యగారూ."